నునుపైన అతుకు

అల్యూమినియపు సైకిలు ఫ్రేము మీద రెండు గొట్టాలు కలిసే చోటును మీరెప్పుడైనా వేలితో తడిమి చూశారా? కొన్నిటి మీద చేప పొలుసుల వంటి వరుస తగులుతుంది. రూపాయి బిళ్ళలను దొంతరగా పేర్చి పక్కకు వాల్చినట్లు ఉంటుందది. మరికొన్నిటి మీద ఏమీ తగలదు. ఒక గొట్టం రెండవ గొట్టంలోకి కరిగిపోయినట్లు, మూసలో పోసి తీసినట్లు వేలు జారిపోతుంది. మొదటి దానిని చూసి మోటు పని అనీ, రెండవ దానిని చూసి పనితనమంటే ఇదీ అనీ అనుకొనడం లోకసహజం. అమ్మేవాళ్ళకు కూడ ఈ సంగతి తెలుసు గనుకనే నునుపైన దానిని దుకాణం ముందు వరుసలో నిలబెడతారు.

ఈ రెండింటిలో ఏది గట్టిది? కొన్ని నెలలుగా నా బుర్రను తొలుస్తున్న ప్రశ్న ఇది. తెలుగు పండితునికి ఈ వెల్డింగు గొడవ ఎందుకని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. సీసపద్యం నడక మీద రాస్తానన్న టపా ఇంకా బాకీ ఉన్నదని కూడ కొందరికి గుర్తుండే ఉంటుంది. అది మరొకసారి. 33 ఏళ్ళు బడిలో సంధులు చెప్పినవాడికి, రెండు వస్తువులు కలిసే చోట ఏమి పోతుంది, ఏమి వస్తుంది అన్నది మరీ పరాయి విషయమేమీ కాదు.

అసలు కారణం మా అమ్మాయి కొడుకు. ఇంటరు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. 'దౌహిత్రుడు' అని పరిచయం చేస్తే "అదేదో రోగం పేరులా ఉంది తాతయ్యా" అంటాడు. రెండేళ్ళు పండుగ డబ్బులూ, పుట్టినరోజు డబ్బులూ కూడబెట్టి, పోయిన ఏడు 18,000 రూపాయలకు ఒక పాత అల్యూమినియపు సైకిలు కొనుక్కొన్నాడు. నల్లని రంగు, ఎక్కడ అతికారో కనిపించని నునుపు. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజి దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట పోయి, ఎండెక్కకముందే ఇంటికి వచ్చేవాడు. డిసెంబరులో నలుగురు మిత్రులతో కలిసి హంసలదీవి దాకా, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు దాకా, తొక్కుకొంటూ పోవాలని వాళ్ళ సంకల్పం.

ప్రయాణం 15 రోజులుందనగా సైకిలు కడుగుతూ వాడొక గీతను చూశాడు. హ్యాండిలు నిలిచే పొట్టి గొట్టం ఉంటుంది చూడండి, అక్కడి నుంచి పెడల్ల వైపు దిగే లావుపాటి గొట్టం అడుగున, సరిగ్గా అతుకు అంచున, వెంట్రుకంత గీత. రంగు మీద గీరుకొన్నదేమోనని గోటితో గీకి చూశాడు. పోలేదు. "తాతయ్యా, మీ శిష్యుడెవరో వెల్డింగు షాపు పెట్టాడన్నారే" అన్నాడు.

ఉన్నాడు. ఆటోనగరులో ఆర్గాన్ వెల్డింగు షాపు. పేరు రాయవద్దన్నాడు కనుక రాయను. పదవ తరగతి దాటేదాకా సవర్ణదీర్ఘానికీ గుణానికీ తేడా పట్టుబడని పిల్లవాడు. నేడు లారీల డీజిలు ట్యాంకులు, రేడియేటర్లు, స్టీలు పైపులు అతికి పదిమందికి అన్నం పెడుతున్నాడు. నన్ను చూడగానే ముఖానికి పెట్టుకొన్న నల్లద్దపు తొడుగు పైకెత్తి, "మాస్టారూ! మీరా! ఒరేయ్, ఆ కుర్చీ తుడవరా" అంటూ లేచాడు.

గీత ఉన్న చోట రంగు గీకించాడు. ఎర్రటి ద్రవమేదో పిచికారీ చేసి, పది నిమిషాలు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, తెల్లని పొడి వంటిది చల్లాడు. చూస్తూ ఉండగానే ఆ తెలుపు మీద ఎర్రని దారం లేచింది. చిటికెన వేలి గోరంత అనుకొన్న గీత నిజానికి బొటనవేలి పొడవున, గొట్టం అడుగున ఇటూ అటూ పాకి ఉన్నది. పగులులోకి దిగిన ఎరుపు, తుడిచినా పోక, మెల్లగా పైకి ఊరుతుందన్నమాట.

"ఎంతవుతుందన్నా?" అని అడిగాడు మా వాడు.

"అతకడానికి పావుగంట పని బాబూ. కాని నేను అతకను."

"అదేమిటోయ్, నీ చేతికి రాని పనా?" అన్నాను.

"చేతికి వస్తుంది మాస్టారూ. అతుకు కూడ బ్రహ్మాండంగా పడుతుంది. దాని పక్కన ఉన్న లోహం చచ్చిపోతుంది. దానికి తిరిగి ప్రాణం పోసే పొయ్యి నా దగ్గర లేదు."

అతుకు పక్కన! ఈ మాట నాకు కొత్త. మన వాడుకలో బలమంతా అతుకులోనే వెతుకుతాము. అతుకు ఊడిందా, ఉన్నదా అన్నదే ప్రశ్న. అతుకు చెక్కుచెదరకుండా ఉండి, దాని పొరుగు చావడమేమిటి? ఆ రోజు అతను చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ కలిపి చెబుతాను.

స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తనిది. మన అమ్మమ్మల సత్తు గిన్నెలు గుర్తు తెచ్చుకొనండి. కింద పడితే పగలవు, సొట్టపోతాయి. అటువంటి దానితో సైకిలు చేస్తే మొదటి గతుకులోనే వంగుతుంది. అందుచేత ఇతర లోహాలు కలుపుతారు. సైకిలు ఫ్రేములకు ఎక్కువగా వాడే మిశ్రమానికి 6061 అని సంఖ్యానామం. అందులో మెగ్నీషియం నూటికి ఒక పాలు, సిలికాన్ అంతకంటె కొంచెం తక్కువ. ఆ చిటికెడు కలిపినంత మాత్రాన బలం రాదు. వండాలి. సుమారు 530 డిగ్రీల వేడిలో ఉంచితే ఆ మెగ్నీషియం, సిలికాన్ అణువులు పాకంలో పంచదారలా లోహంలో కరిగి కలిసిపోతాయి. వెంటనే నీళ్ళలో ముంచితే బయటికి వచ్చే వ్యవధి లేక అందులోనే చిక్కుకొంటాయి. ఆ తరువాత 175 డిగ్రీల దగ్గర సుమారు ఎనిమిది గంటలు ఉంచాలి. అప్పుడు, కంటికి కాదు గదా మామూలు సూక్ష్మదర్శినికి కూడ అందనంత చిన్న చిన్న రేణువులుగా అవి లోహమంతటా పుడతాయి. లోహం వంగడమంటే దాని పొరలు ఒకదానిపై ఒకటి జారడమే కదా. ఈ రేణువులు ఆ జారుడుకు అడ్డం పడతాయి. వండని 6061 సుమారు 55 మెగాపాస్కళ్ళ ఒత్తిడికే శాశ్వతంగా సాగిపోతే, వండినది 276 దాకా నిలబడుతుంది. అదే లోహం, అదే కూర్పు, అయిదు రెట్ల బలం!

ఈ రహస్యం బయటపడిన తీరు కూడ ముచ్చటైనదే. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే శాస్త్రజ్ఞుడు రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని కాల్చి, చల్లార్చి, గట్టిదనం కొలిచాడు. ఆశించినంత లేదు. కొద్ది రోజులు ఊరికే పడి ఉన్న ఆ ముక్కనే తిరిగి కొలిస్తే గట్టిదనం పెరిగి ఉన్నది! ఎవరూ ముట్టుకొనలేదు. కాలమే పని చేసింది. అదే తరువాత డ్యురాల్యుమిన్ అయి విమానాలకు ఒళ్ళయింది. ఊరగాయ ఊరినట్లు లోహం కూడ ఊరుతుందని మా ఆవిడకు చెబితే, "మరి ఉప్పు సరిపోయిందా అని కూడ చూశాడా?" అన్నది. నిజానికి ఆ ప్రశ్న సరైనదే. రేణువులు మరీ పెద్దవైతే బలం తగ్గుతుంది. అతిగా ఊరినదీ పాడే.

ఇప్పుడు వెల్డింగు దగ్గరకు వద్దాము. అతికేటప్పుడు అతుకు కరుగుతుంది సరే. ఆ వేడికి దాని పక్కన ఇంచుమించు అంగుళం మేర కరగకుండానే బాగా కాగుతుంది. ఎనిమిది గంటలు వండి సాధించిన ఆ సన్నని రేణువుల అమరిక అక్కడ క్షణాలలో చెదిరిపోతుంది. కొన్ని మళ్ళీ కరిగిపోతాయి, కొన్ని కలిసి మొద్దుబారతాయి. బలం దాదాపు సగానికి పడిపోతుంది. మా శిష్యుడు 'చచ్చిపోతుంది' అన్నది దానినే. అందుకని మంచి కర్మాగారాలలో 6061 ఫ్రేమును అతికిన తరువాత మొత్తం ఫ్రేమునే కొలిమిలో పెట్టి మొదటి నుంచి వండుతారు. నీళ్ళలో ముంచినప్పుడు ఫ్రేము ఒంకర పోతుంది. ఇంకా మెత్తగా ఉండగానే దానిని బల్ల మీద బిగించి సరిచేసి, ఆపైన తక్కువ వేడి పొయ్యిలో పెడతారు. ఆటోనగరు షాపులో ఇదంతా ఎక్కడ కుదురుతుంది?

7005 అని మరొక మిశ్రమం ఉన్నది. అందులో జింకు నాలుగున్నర పాళ్ళ దాకా ఉంటుంది. దాని సుగుణమేమిటంటే, అతికిన తరువాత ఆ పెద్ద పొయ్యి అవసరం లేదు. గాలిలో చల్లారినా చాలు. వారాల తరబడి తనంతట తాను గట్టిపడుతుంది. తక్కువ వేడి పొయ్యిలో పెడితే ఆ పని త్వరగా అవుతుంది. "ఇది ఏ రకమో ఫ్రేము మీద రాసి లేదు మాస్టారూ, చీటీ ఎప్పుడో ఊడిపోయింది. తెలియకుండా మందు వేయకూడదు గదా" అన్నాడు అతను.

అల్యూమినియాన్ని అతకడమే ఒక పెద్ద విద్య. ఇనుము కరగబోయే ముందు ఎర్రబడి, నారింజ రంగుకు తిరిగి, పనివానికి సూచన ఇస్తుంది. అల్యూమినియం రంగు మారదు. మారకుండా, మారకుండా ఉండి 660 డిగ్రీల దగ్గర హఠాత్తుగా నీరవుతుంది. పైగా దాని ఒంటి మీద ఎప్పుడూ ఒక పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. ఆ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. లోపల లోహం నీరై ఉన్నా, పైన పొర గట్టి మీగడలా నిలిచి రెండు వైపులనూ కలవనివ్వదు. దీనికి విరుగుడు ఏకాంతర విద్యుత్తు. కరెంటు ఒక దిక్కుకు పారేటప్పుడు లోహం కాగుతుంది, ఎదురు దిక్కుకు పారేటప్పుడు ఆ పొర చెదిరిపోతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఈ తిరగమరగ. చుట్టూ ఆర్గాన్ వాయువు కాపలా కాసి గాలిని రానివ్వదు. 1941 ప్రాంతంలో అమెరికాలో నార్త్రప్ విమాన సంస్థలో రసెల్ మెరిడిత్ అనే ఆయన, మెగ్నీషియం భాగాలను అతకడం కోసమని, టంగ్‌స్టన్ ముల్లుతో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. అప్పుడు వాడిన వాయువు హీలియం. విమానాల కోసం పుట్టిన విద్య అది. మన సైకిళ్ళకు చేరడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇక్కడొక వ్యాకరణపు ముచ్చట చెప్పనివ్వండి. 6061ను ఉత్తినే కరిగించి కలిపితే చల్లారేటప్పుడు పగులుతుంది. అందుచేత సిలికానో మెగ్నీషియమో ఎక్కువగా ఉన్న ఫిల్లరు రాడ్డును బొట్లు బొట్లుగా అందులో కలుపుతారు. ఆ బొట్ల గుర్తులే పొలుసులు. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదానిని లేపి కూర్చుంటుంది అని మా గురువులు చెప్పేవారు. ఫిల్లరు రాడ్డు నిస్సందేహంగా ఆగమమే. ఈ మాట షాపులో అంటే మా శిష్యుడు, "ఆ రోజుల్లో ఇట్లా చెప్పి ఉంటే నాకు సంధులు వచ్చేవి మాస్టారూ" అని నవ్వాడు. ఆ రోజుల్లో ఆటోనగరు ఎక్కడ, నేనెక్కడ!

సరే, మా వాడి సంగతి. ఫ్రేము పనికిరాదని తేలేసరికి ముఖం చిన్నబోయింది. రెండేళ్ళ డబ్బు. "నెమ్మదిగా తొక్కుతాను, హంసలదీవి పోయి వచ్చేదాకా అతికి ఇవ్వన్నా" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. శిష్యుడు కాదనలేక నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. చివరికి అతనే చెప్పాడు: "బాబూ, ఈ గొట్టం విరిగితే నీ ముందు చక్రం ఫ్రేము నుంచి విడిపోతుంది. నువ్వు ముందుకు పడతావు. చేతులు అడ్డం పెట్టుకొనే వ్యవధి కూడ ఉండదు. వెనక లారీ ఉంటే ఇంక చెప్పేదేమీ లేదు." మా వాడు కాసేపు తల వంచుకొని నిలబడ్డాడు. తరువాత, "అయితే కోసి చూపించన్నా, ఎందుకు పగిలిందో చూస్తాను" అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

చక్రాలూ, హ్యాండిలూ ఊడదీసి, ఆ ముడిని రంపంతో నిలువునా కోశాడు. ఆకురాయితో కోత నునుపు చేసి, ఆసిడేదో రాస్తే అతుకు ఎంతవరకో, గొట్టం ఎంతవరకో చాయాభేదంతో కనిపించాయి. అతుకు లోపలి గోడ దాకా చక్కగా దిగి ఉన్నది. ఒక్క బుడగ లేదు. పగులు అతుకులో లేదు. అతుకు అంచు దాటి, గొట్టం మీద ఉన్నది. అక్కడ గోడ మందం పై భాగంలో కంటె అడుగున కొంత తక్కువగా ఉన్నది. భూతద్దం పెట్టి చూపించాడు: రుద్దుడు చక్రం గీతలు గొట్టానికి అడ్డంగా, రంగు కింద దాగి, సన్నగా బారులు తీరి ఉన్నాయి. పగులు వాటిలో ఒకదాని వెంటనే పాకింది.

"అతికినవాడు మంచి పనివాడు మాస్టారూ. రుద్దినవాడు తొందరపడ్డాడు" అన్నాడు.

పాత యజమాని దానిని ఏ గోడకైనా గుద్ది ఉండవచ్చు. అది కూడ ఒక కారణం కావచ్చునని అతనే అన్నాడు. గుద్దినా గుద్దకపోయినా, పగులు తన దారిని వెతుక్కొన్న చోటు మాత్రం అదే.

నునుపు అంతా చెడ్డదని దీని అర్థం కాదు. మొదట అడిగిన ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులు చెప్పుకోవాలి. నునుపు తెచ్చే దారులు వేరు వేరు. ఒకటి, అతుకును రెండు చాళ్ళుగా వేయడం. మొదటి చాలు లోతుకు, రెండవ చాలు పైన పరుపుకు. రెండవ చాలుతో అతుకు వెడల్పై, ఉబ్బు తగ్గి, గొట్టం మీదికి ఏటవాలుగా దిగుతుంది. ఇది అందానికే కాదు, బలానికీ మంచిదే. గొట్టంలో బలం పారేది కాలువలో నీరు పారినట్లే. అతుకు అంచు నిట్టనిలువుగా ఉంటే, కాలువలో రాయి దగ్గర నీరు సుడి తిరిగినట్లు, ఒత్తిడి అక్కడ పోగుపడుతుంది. ఏటవాలుగా ఉంటే సాఫీగా పారుతుంది. వంతెనలకూ, ఓడలకూ కూడ అతుకు అంచును శ్రద్ధగా రుద్ది ఆయుష్షు పెంచే పద్ధతి ఉన్నది. కాని ఆ రుద్దుడుకు శాస్త్రం ఉన్నది: గీతలు బలం పారే దిక్కుకే ఉండాలి, అడ్డంగా ఉండరాదు; గొట్టాన్ని తినరాదు.

రెండవ దారి, ఒకే చాలు వేసి, ఉబ్బును రాపిడి చక్రంతో చదును చేయడం. అతుకు మీది అదనపు లోహం తీయడం తప్పు కాదు. చక్రం ఒక్క వెంట్రుక పక్కకు జరిగి గొట్టాన్ని తాకితేనే ప్రమాదం. అసలే అక్కడ బలం తగ్గి ఉంటుందనే గదా గొట్టాల కొసలను మందంగా, నడుమను పలుచగా లాగుతారు! ఆ మందాన్ని రుద్ది తీసేస్తే తయారుచేసినవాని ముందుచూపంతా వృథా.

మూడవ దారి గురించి చెప్పడానికి మనసొప్పదు: పొలుసుల మధ్య లప్పం పూసి రంగు వేయడం. దీనివల్ల బలం పెరగదు, తగ్గదు. కాని కింద పగులు పుడితే లప్పం దానిని కొంతకాలం దాచిపెడుతుంది.

నునుపును ఒక సంప్రదాయంగా నిలబెట్టినవారు ఉన్నారు. అమెరికాలో గ్యారీ క్లైన్ అనే ఆయన, ఎంఐటీలో చదువుతున్న 1970లలోనే, లావుపాటి అల్యూమినియపు గొట్టాలతో ఫ్రేములు కట్టే పనికి పూనుకొన్నాడు. ఆ లావు ఎందుకంటే, అల్యూమినియం ఉక్కులో మూడవ వంతు బరువు, వంగకుండా నిలిచే బిగువులోనూ మూడవ వంతే. గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేసి గోడను సగం చేస్తే బరువు మారదు గాని బిగువు నాలుగు రెట్లవుతుంది. అతుకులను నునుపు చేసి, వాటిపై కన్ను చెదిరే రంగులు వేసి అమ్మేవాడు. 1983లో క్యానన్‌డేల్ సంస్థ తన మొదటి అల్యూమినియపు సైకిలు తెచ్చింది. పెన్సిల్వేనియాలోని బెడ్‌ఫర్డ్‌లో వాళ్ళ కర్మాగారం. రెండు చాళ్ళు వేసి, చేతితో రుద్ది, ఆపైన కొలిమిలో పెట్టేవారు. వాళ్ళ ఫ్రేముల అతుకులు కనబడకపోవడమే వాళ్ళ సంతకం అయింది. 2010 నాటికి ఆ ఫ్రేముల తయారీ ఆసియాకు తరలిపోయింది. ఆ బెడ్‌ఫర్డ్ ఫ్రేములను నేటికీ అపురూపంగా దాచుకొనేవాళ్ళున్నారు. చేతితో రుద్దడమంటే గంటల పని. గంటల పనికి తగిన కూలి ఇచ్చి, తగిన మనిషిని పెడితే నునుపు మంచిదే. తక్కువ ధరకు అదే నునుపు చూపాలనుకొన్న చోటనే చక్రం తొందరపడుతుంది.

మరి పొలుసులు? వాటిని కూడ గుడ్డిగా నమ్మరాదు. పొలుసులు ఒకే కొలతలో వరుసగా ఉంటే పనివాని చెయ్యి నిలకడగా ఉన్నదని అర్థం. అతుకు లోపలి దాకా దిగినదీ లేనిదీ మాత్రం పొలుసులు చెప్పవు. అందమైన దస్తూరీతో తప్పులు రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరుండేవారు. కాని తప్పు పట్టడానికి దస్తూరీ ఎంతో కొంత సాయం చేస్తుంది. పొలుసుల వరుసలో ఒకచోట మసి, ఒకచోట గుంట, అంచున గొట్టం కొరికినట్లు గాడి ఉంటే అక్కడ పనివాడు తడబడ్డాడని కంటికి తెలుస్తుంది. నునుపు ఆ సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. తెలియని సంస్థది, పాతది, తక్కువ ధరది కొనేటప్పుడు నేనైతే పొలుసులున్నదానినే కొనమంటాను.

ఇంకొక్క సంగతి. ఉక్కుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దుకు లోబడిన బరువును ఎన్ని లక్షలసార్లు మోపినా దాదాపుగా అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. ప్రతి గతుకూ, ప్రతి తొక్కుడూ దాని ఆయుర్దాయం నుంచి పిసరంత తీసుకొనేదే. 1954లో బ్రిటిషువారి కామెట్ జెట్ విమానాలు రెండు నడి ఆకాశంలో విచ్ఛిన్నమైనప్పుడు, ఫార్న్‌బరోలో విమానం ఒంటినే నీటి తొట్టిలో పెట్టి, పదే పదే ఒత్తిడి ఎక్కించి దించి చూశారు. చివరికి అల్యూమినియపు రేకు అలసటతో చిరిగింది. సైకిలు ఫ్రేములకు కూడ నేడు ఐఎస్ఓ 4210 అనే ప్రమాణం కింద పెడల్ల మీద లక్షసార్లు బరువు మోపి, ఎక్కడా పగులు లేదని చూడాలి. అల్యూమినియం బలహీనమని దీని భావం కాదు. మందం తగినంత ఉంచి, అంచులు సాఫీగా ఉంచి, ఒత్తిడి తక్కువగా పడేటట్లు గీసిన ఫ్రేము మనిషి తొక్కగలిగినంత కాలం ఉంటుంది. ఉంచవలసిన జాగ్రత్త ఎంతో, ఉక్కుకంటె ఎక్కువ. అంతే.

మా వాడికి శిష్యుడు నేర్పిన పరీక్షలు అడిగినవారి కోసం రాస్తున్నాను. నెలకొకసారి ఫ్రేమును కడిగి ఆరబెట్టి, చీకటి గదిలో టార్చిలైటును గొట్టానికి ఏటవాలుగా పట్టి అతుకుల అంచులు చూడాలి. నేరుగా పట్టిన వెలుగులో పగులు కనిపించదు. హ్యాండిలు గొట్టం వెనక అడుగుభాగం, సీటు గొట్టం పైకొస, పెడల్ల ఇరుసు చుట్టూ, వెనక చక్రం బిగించే చోటు, ఈ నాలుగూ ముఖ్యం. దూదిని అంచు వెంట లాగితే పోగు తగులుకొన్న చోట అనుమానించాలి. తొక్కేటప్పుడు కొత్తగా టకటకమని చప్పుడు వస్తే నూనె వేసి ఊరుకోకూడదు. పగులు కనిపిస్తే ఆ సైకిలు ఎక్కరాదు, ఇంటిదాకా నడిపించుకొని రావాలి.

ఆ కోసిన ముక్కను షాపులో ఉంచుకొంటానని అతను అడిగి తీసుకొన్నాడు. పని నేర్చుకొనే కుర్రవాళ్ళకు చూపిస్తాడట. చక్రాలూ, బ్రేకులూ, గొలుసూ బాగానే ఉన్నాయి కనుక మా వాడు సంచిలో కట్టుకొని ఇంటికి తెచ్చాడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. హంసలదీవికి మాత్రం వెళ్ళాడు. మిత్రుని తండ్రిది, ఇత్తడి మాటు వేసిన పాత ఇనుప సైకిలు అరువు తెచ్చుకొని, అందరికంటె రెండు గంటలు ఆలస్యంగా చేరాడట. మొన్న ఆదివారం గవర్నరుపేటలో వెండిరంగు ఫ్రేము ఒకటి చూసి వచ్చాడు. అతుకుల మీద పొలుసులున్నాయి, వరుస బాగుందన్నాడు. అమ్మేవాడు 9,000 అంటున్నాడు, మా వాడు 7,500 దగ్గర ఆగాడు. బేరం ఇంకా తెగలేదు.